పాత 35 హెచ్‌పీ ట్రాక్టర్‌కు గడ్డి బేలర్: కిస్తీ లెక్కకంటే ముందు క్లచ్ చూడండి

ప్రశ్న: మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. సొంతం 4 ఎకరాలు, కౌలుకు 6 ఎకరాలు. 2007లో కొన్న 35 హెచ్‌పీ ట్రాక్టర్ ఉంది, దాని మీద అప్పు లేదు. వరికోతలయ్యాక గడ్డి కట్టలు కట్టే బేలర్ కొని బాడుగకు తిప్పాలని ఉంది. చిన్న రౌండ్ బేలర్‌కు డీలర్ 3,80,000 కొటేషన్ ఇచ్చాడు. 80 వేలు కడితే మిగతా 3 లక్షలు ఫైనాన్స్. 9 శాతం వడ్డీ, నాలుగేళ్లు, నెలకు 8,500 అంట. పాత బండి ఇచ్చేసి కొత్త 50 హెచ్‌పీ ట్రాక్టర్, 11 లక్షల చదరపు కట్టల బేలర్ తీసుకుంటే ఇంకా లాభం అంటున్నాడు. ఎకరాకు 60 కట్టలు, కట్టకు 35 రూపాయలు, రోజుకు పదెకరాలు, ఏడాదికి 40 రోజులు పని దొరుకుతుందని అతని లెక్క. పెద్దమ్మాయి వచ్చే ఏడు బీటెక్‌లో చేరుతుంది. ఆమె కోసం 2,40,000 ఎఫ్‌డీ దాచాం. ఆ 80 వేలు ఎఫ్‌డీలోంచి తియ్యాలా, మా ఇంట్లోవాళ్ల నగలు బ్యాంకులో పెట్టాలా?

జవాబు: 80 వేలు ఎక్కణ్ణించి తేవాలన్న దానికంటే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది. మీ ట్రాక్టర్ ఆ బేలర్‌ను రోజుకు ఎన్ని ఎకరాల్లో తిప్పగలదు? మీరు కట్టే ప్రతి కిస్తీ ఆ ఎకరాల్లోంచే రావాలి.

కొత్త ట్రాక్టర్, చదరపు బేలర్ మాట మాత్రం ఇప్పుడే పక్కన పెట్టేయండి. రెండూ కలిసి అప్పు 16 లక్షలకు చేరితే, మీకు చెప్పిన వడ్డీ ప్రకారమే నెలకు 45 వేలు దాటుతుంది. పదెకరాల సేద్యం మీద, అందులో ఆరు కౌలు మీద, అంత బరువు పెట్టకూడదు. ఈ మాట గట్టిగానే చెప్తున్నాను.

ఇక చిన్న రౌండ్ బేలర్. బానెట్ మీద 35 హెచ్‌పీ అని ఉన్నా, వెనక పీటీవో షాఫ్ట్ (తగిలించిన యంత్రాన్ని తిప్పే ఇరుసు) దగ్గరికి వచ్చేసరికి కొత్త బండిలోనే సుమారు 30 దక్కుతుంది. మీ బండికి ఇన్నేళ్లు నిండాయి కాబట్టి ఇంకాస్త తగ్గే ఉంటుంది. చిన్న రౌండ్ బేలర్లకు కంపెనీలు మామూలుగా 35 హెచ్‌పీ, ఆపైన ఉన్న ట్రాక్టర్ అడుగుతాయి. అంటే మీరు సరిగ్గా అంచు మీద ఉన్నారు. పలచటి గడ్డి వరసలో లాగేస్తుంది. మూడు పుట్లు పండిన కయ్యలో కోత మిషన్ వదిలిన మందపాటి వరస వచ్చినప్పుడు ఇంజన్ వేగం దిగిపోతుంది. పీటీవో నిమిషానికి 540 తిరగాల్సిన చోట తగ్గితే గడ్డి లోపలికి పోదు, పికప్ (నేల మీది గడ్డిని ఎత్తే భాగం) దగ్గర చుట్టుకుపోయి కూర్చుంటుంది. కొన్ని పాత గేర్‌బాక్సుల్లో మొదటి గేరు కూడా ఇలాంటి పనికి కాస్త వేగమే. దిగి, బండి ఆపి, గడ్డి పీకి, మళ్లీ ఎక్కాలి. డీలర్ చెప్పిన పదెకరాలు ఆరుకు పడేది ఇక్కడే.

హెచ్‌పీ కంటే నాకు ఎక్కువ భయంగా ఉన్నది క్లచ్. మీ బండిది సింగిల్ క్లచ్చా, డబుల్ క్లచ్చా అన్నది మీరు రాయలేదు. ఆ కాలం చిన్న బళ్లలో చాలావాటికి సింగిల్ క్లచ్చే. రౌండ్ బేలర్ పని తీరు చూడండి: లోపల కట్ట నిండగానే బండి ముందుకు కదలకుండా ఆగాలి, కానీ పీటీవో తిరుగుతూనే ఉండాలి, అప్పుడే దారం చుట్టుకుంటుంది. డబుల్ క్లచ్ అయితే పెడల్ సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. సింగిల్ క్లచ్‌లో తొక్కగానే రెండూ ఆగుతాయి. న్యూట్రల్‌కు వేసి, క్లచ్ వదిలి, దారం చుట్టనిచ్చి, కట్ట పడేశాక మళ్లీ తొక్కి గేరు వెయ్యాలి. ఎకరాకు 60 కట్టలంటే ఇదంతా 60 సార్లు. 150 ఎకరాలకు 9,000 సార్లు. దుక్కికీ ట్రాలీకీ అలవాటుపడిన క్లచ్ ప్లేటు ఈ పనికి ఎన్ని సీజన్లు నిలుస్తుందో మీ మెకానిక్‌నే అడగండి. ప్లేటు మార్చాలంటే బండిని రెండుగా విడగొట్టాలి. కోతల మధ్యలో బండి షెడ్డులో ఉంటే ఆ రోజుల బాడుగ తిరిగి రాదు, కిస్తీ మాత్రం ఆగదు.

వెనక తలుపు హైడ్రాలిక్‌తో తెరుచుకునే మోడల్ అయితే, దానికి పైపు తగిలించే వాల్వు మీ బండికి ఉందో లేదో కూడా చూసుకోండి. లేకపోతే విడిగా బిగించాలి, అదో ఖర్చు.

ఇప్పుడు డబ్బు లెక్క. డీలర్ చెప్పినట్టు పదెకరాలు, 40 రోజులు అయితే ఏడాదికి 8,40,000. నేను ఆరెకరాలు, 25 రోజులు వేశాను. కారణం రోజుల్లోనే ఉంది. కోశాక గడ్డి ఆరాలి. ఆరిన గడ్డిని ఎత్తేలోపే పక్క కయ్యకు నీళ్లు పెడతారు, లేదా రైతు దమ్ముకు తొందరపడతాడు. కోత మిషన్ల వెంబడే బయటి ఊళ్ల నుంచి బేలర్లూ దిగుతున్నాయి. ఎడగారు (రెండో పంట) సంగతి సోమశిల రిజర్వాయరులో నీళ్లను బట్టి. వేసినా, ఆ కోతలప్పటికి వానలు మొదలైతే గడ్డి ఆరదు, తడి గడ్డి కడితే లోపల బూజు పడుతుంది. అందుకని ఎడగారును లెక్కలోకి తీసుకోలేదు. వస్తే అది మీ లాభం.

150 ఎకరాలకు ఎకరానికి 2,100 చొప్పున 3,15,000 వస్తుంది. డీజిల్ రోజుకు 28 లీటర్లు, లీటరు వంద రూపాయలు అనుకుంటే 70,000. దారం కట్టకు 3 రూపాయలు వేసుకుంటే 27,000. డ్రైవర్‌కు వెయ్యి, సాయం మనిషికి 700, మొత్తం 42,500. గ్రీజు, బేరింగులు, చైన్లు, క్లచ్‌కు కలిపి 30,000. బాకీ నిలిచిపోయేది పదో వంతు, 31,500. ఖర్చు 2,01,000 పోగా మిగిలేది 1,14,000. ఏడాది కిస్తీలు 1,02,000. చివరికి చేతిలో ఉండేది 12 వేలు. ‘డ్రైవర్ ఎందుకు, నేనే నడుపుతా’ అంటారు. నడపండి. కానీ ఆ 25 రోజులు మీ పదెకరాల కోత ఎవరు చూసుకుంటారు? మీ కూలీ కూడా కూలీయే, లెక్కలో ఉండాల్సిందే. ఒక్క వారం వానకో మరమ్మతుకో పోయిందంటే కిస్తీ ఎఫ్‌డీలోంచి కట్టాల్సి వస్తుంది. అమ్మాయి ఫీజు కట్టే నెల, బేలర్ కిస్తీ కట్టే నెల ఒకటైన రోజు మీ ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో నేను ఊహించగలను.

ఆ ‘9 శాతం’ గురించి కూడా చెప్పాలి. నెలకు 8,500 చొప్పున 48 నెలలంటే 4,08,000. మీరు అసలు తీరుస్తూ వస్తున్నా, వడ్డీ మాత్రం నాలుగేళ్లూ మొత్తం 3 లక్షల మీదే వేశారు. దీన్నే ఫ్లాట్ రేటు అంటారు. బ్యాంకులు వేసే తీరులో, అంటే మిగిలిన అసలు మీదే లెక్కగడితే, ఇది 16 శాతం వడ్డీ. అదే 3 లక్షలు బ్యాంకులో 12 శాతానికి దొరికినా నెలకు 7,900 చాలు, నాలుగేళ్లకు 28,800 మిగులుతుంది. పైగా మీ రాబడి కోతల్లోనే వస్తుంది కాబట్టి నెల కిస్తీ మీకు పొసగదు. ఆరు నెలలకో, పంటకో ఒకసారి కట్టేలా వ్యవసాయ టర్మ్ లోన్ అడగండి. పంట రుణం కార్డు డబ్బును మాత్రం దీనికి మళ్లించకండి. సకాలంలో కడితే 4 శాతానికే పడే డబ్బు అది, దాన్ని ఇనుములో ఇరికిస్తే ఎరువుల వేళకు బయట వడ్డీకి తిరగాలి.

కొటేషన్‌లో జీఎస్టీ గీత చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి గడ్డి బేలర్ల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 3,80,000లో పాత 12 శాతమే కలిపి ఉంటే, కొత్త లెక్కన ధర 3,56,250 కావాలి. ఈ ఒక్క ప్రశ్నకు 23,750 రూపాయలు.

సబ్సిడీ ఊసు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. వ్యవసాయ యాంత్రీకరణ ఉప మిషన్ కింద చిన్న, సన్నకారు రైతులకు, మహిళా రైతులకు, ఎస్సీ ఎస్టీ రైతులకు యంత్రాల మీద 50 శాతం వరకు, మిగతావారికి 40 శాతం వరకు ఇస్తారు. ఒక్కో యంత్రానికి గరిష్ఠ పరిమితి ఉంటుంది, ఆ ఏడాది నిధులూ ఉండాలి. మీ సొంత భూమి 4 ఎకరాలే కాబట్టి మీరు చిన్న రైతు కిందికే వస్తారు. ఊళ్లోని రైతు సేవా కేంద్రంలో అడిగి, ఏ కంపెనీ, ఏ మోడల్‌కు వర్తిస్తుందో రాయించుకోండి. మంజూరు రాకముందే కొనేసి తర్వాత బిల్లు పట్టుకెళ్తే ఇవ్వకపోవచ్చు. డీలర్ తొందరపెడుతున్నాడని ఈ మెట్టు దాటేయొద్దు. సబ్సిడీ వస్తే అప్పు సగానికి దగ్గరగా తగ్గుతుంది, అప్పుడు పై లెక్కంతా మారుతుంది. నేనే కొనమంటాను.

కాబట్టి ఈ కోతలకు కొనొద్దు. డీలర్‌ను డెమో అడగండి. షోరూమ్ పక్క ఖాళీ స్థలంలో పది నిమిషాలది కాదు, మీ కయ్యలో, మీ బండికే తగిలించి, మందపాటి వరసలో రెండు గంటలు. మొదలుపెట్టేముందు ట్యాంకు నిండా డీజిల్ పోయించి, అయ్యాక మళ్లీ నింపితే ఎంత తాగిందో తెలుస్తుంది. ఎన్ని కట్టలు పడ్డాయో, ఎన్నిసార్లు దిగి పీకాల్సి వచ్చిందో రాసుకోండి. రెండు గంటల్లో 80 కట్టలు కూడా పడకపోతే రోజుకు ఆరెకరాలు కావు, ఆ బండికి ఆ బేలర్ సరికాదు. కుదిరితే ఈ సీజన్ మరొకరి బేలర్‌ను మీ బండికి బాడుగకు తీసుకుని కొన్నాళ్లు తిప్పండి. ఎవరు డబ్బు చేతికిస్తారు, ఎవరు బాకీ కోసం తిప్పించుకుంటారు అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. మీ పదెకరాల గడ్డిని కట్టించి, వేసవిలో ఉదయగిరి, కనిగిరి వైపు మెట్ట ఊళ్లలో పశువులున్నవాళ్లకు ఏ ధరకు పోతుందో చూడండి. కట్టే కూలీ కంటే గడ్డి అమ్మకంలోనే ఎక్కువ మిగలొచ్చు. దానికి చోటు కావాలి, నిప్పు భయం ఉంటుంది.

అమ్మాయి ఎఫ్‌డీ ముట్టుకోవద్దు, కొంచెం కూడా. డెమోలో బండి నిలిచి, సబ్సిడీ కాగితం చేతికొచ్చాక మీ వాటాకు తక్కువపడితే, నగల మీద బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకోవచ్చు. ఇంట్లోవాళ్లు మనస్ఫూర్తిగా సరేనంటేనే. ఆ కోతల రాబడిలో మొట్టమొదట నగలు విడిపించాలి, మిగతావన్నీ తర్వాత.

చివరిగా ఇన్సూరెన్స్. బాడుగకు ఊళ్లు తిరుగుతారు కాబట్టి ట్రాక్టర్‌కు థర్డ్ పార్టీ పాలసీ గడువు దాటకుండా చూసుకోండి. మీకూ, సాయం వచ్చే మనిషికీ బ్యాంకు ఖాతా ద్వారా ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు. పికప్‌లో గడ్డి చుట్టుకున్నప్పుడు పీటీవో తిరుగుతుండగా చెయ్యి పెడితే చెయ్యి లోపలికి పోతుంది, వెనక్కి లాక్కునే టైం ఉండదు. ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకున్నాకే గడ్డి పీకాలని సాయం మనిషికి మొదటి రోజే చెప్పండి.