పిచ్చర్ మోచేయి, పిచ్చర్ మనసు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మోచేతి ఆపరేషన్ అయిన బేస్‌బాల్ పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) ఏడాదికి పైగా ఆటకు దూరమవుతాడు. అంత కాలం ఎందుకు?

జవాబు: పైన కుట్లు త్వరగానే మానతాయి. కాలమంతా లోపలి పనికే పడుతుంది. విసరబోతూ చెయ్యి వెనక్కి వంగినప్పుడు మోచేతి లోపలివైపు ఎముకలు విడిపోకుండా పట్టి ఉంచేది అల్నార్ కొలాటరల్ లిగమెంట్ అనే పట్టీలాంటి కణజాలం. ఏళ్ల తరబడి విసిరితే అది పీచులు లేచి తెగుతుంది. ఆపరేషన్‌లో సాధారణంగా ముంజేతిలోని పామారిస్ లాంగస్ టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే నారలాంటి భాగం) తీసి, మోచేతి ఎముకల్లో రంధ్రాలు చేసి, వాటిలోంచి దూర్చి బిగిస్తారు. కొందరికి ఈ టెండన్ పుట్టుకతోనే ఉండదు. వాళ్లకు తొడ నుంచి తీస్తారు. అలా బిగించిన టెండన్‌లోకి కొత్త రక్తనాళాలు పెరిగి, అది లిగమెంట్‌లా మారేందుకు నెలలు పడుతుంది.

మొదట మోచేతిని కదలకుండా పట్టి ఉంచే బ్రేస్. సుమారు నాలుగైదు నెలలకు 45 అడుగుల దూరానికి మెల్లగా విసరడం, అదీ రోజు విడిచి రోజు. తర్వాత 60, 90, 120 అడుగులు. నొప్పి వస్తే ఒక మెట్టు వెనక్కి. మౌండ్ (పిచ్చర్ నిలబడి విసిరే మట్టిదిబ్బ) ఎక్కాక ముందు ఫాస్ట్‌బాల్ (వేగమైన బంతి), చేంజప్ (అదే ఊపుతో నెమ్మదిగా వచ్చే బంతి); కర్వ్‌బాల్ (వంపు తిరిగే బంతి) చివర్లోనే. అసలు ప్రమాదం నొప్పి పోయిన నెలల్లో ఉంది. చెయ్యి బాగుందనిపించి బలం కొద్దీ విసిరితే, ఇంకా గట్టిపడని టెండన్ దెబ్బతింటుంది.

1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఈ ఆపరేషన్ తొలిసారి చేసింది డాడ్జర్స్ జట్టు పిచ్చర్ టామీ జాన్‌కు. ఆయన 1976లో తిరిగొచ్చి 1989 వరకు ఆడి, మరో 164 గెలుపులు సాధించాడు.

ప్రశ్న: పిచ్చర్‌కు గాయమేమీ లేదు, అయినా ఒక్కసారిగా స్ట్రైక్ (బ్యాటర్ ముందున్న నిర్ణీత జాగాలోంచి వెళ్లే బంతి) వెయ్యలేకపోతున్నాడు. ఇది పిరికితనమా?

జవాబు: ఆ మాట దయచేసి అనకండి. వేళ్లు బంతిని వదలాల్సిన క్షణాన్ని శరీరం అలవాటుగా పట్టుకుంటుంది. పిచ్చర్ తన చేతిని తానే కనిపెట్టుకుంటూ విసరడం మొదలుపెడితే ఆ క్షణం తప్పుతుంది: ముందు వదిలితే బంతి ఎత్తుగా పోతుంది, ఆలస్యమైతే నేలకు కొడుతుంది. పైరేట్స్ జట్టు పిచ్చర్ స్టీవ్ బ్లాస్ 1972లో 19 మ్యాచ్‌లు గెలిచాడు. మరుసటి ఏడాది 89 ఇన్నింగ్స్ (బేస్‌బాల్‌లో ముగ్గురు అవుటయ్యే వరకు సాగే వంతు) కూడా నిండకుండా 84 వాక్‌లు (నాలుగు బంతులు గురి తప్పి బ్యాటర్‌ను ఊరికే మొదటి బేస్‌కు పంపడం) ఇచ్చాడు. 2000 ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో) కార్డినల్స్ జట్టు కుర్ర పిచ్చర్ రిక్ ఆంకీల్ ఒకే ఇన్నింగ్స్‌లో ఐదు వైల్డ్ పిచ్‌లు (పట్టేవాడికి అందనంత గురి తప్పిన బంతులు) వేశాడు.

"కాస్త గురి పెట్టు" అని అరిస్తే ఇంకా బిగుసుకుపోతాడు. బ్యాటర్‌నూ, అతని వెనక బంతి పట్టే క్యాచర్‌నూ తప్పించి, దగ్గర నుంచి వలలోకి విసరనివ్వాలి. కుదుటపడ్డాక క్యాచర్, ఆ తర్వాతే బ్యాటర్. అందరికీ నయమవుతుందని చెప్పలేం. ఆంకీల్ అవుట్‌ఫీల్డర్‌గా (మైదానం దూరపు భాగంలో నిలిచే ఫీల్డర్‌గా) మారి 2007లో అమెరికా అగ్రశ్రేణి మేజర్ లీగ్‌కు తిరిగొచ్చాడు, అదీ గౌరవమైన దారే. ఆందోళన, దిగులు బంతితో ఆగకుండా బతుకంతా కమ్ముకుంటే మానసిక వైద్యుడి దగ్గరికే వెళ్లాలి. పిచ్చర్ జాక్ గ్రెంకీ 2006లో జట్టును వదిలి చికిత్స తీసుకున్నాడు. 2009లో ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు.

ప్రశ్న: పదమూడేళ్ల పిల్లాడు రోజుకు ఎన్ని బంతులు విసరొచ్చు?

జవాబు: అమెరికాలో అమల్లో ఉన్న పిచ్ స్మార్ట్ సూచనల ప్రకారం గరిష్ఠంగా 95. అయితే 66 గానీ అంతకు మించి గానీ విసిరితే నాలుగు రోజుల విశ్రాంతి తప్పనిసరి. మోచేతి లోపలివైపు నొప్పి, చిటికెన వేలిలో తిమ్మిరి కనిపిస్తే లెక్క చూడొద్దు, ఆ రోజే ఆపించండి.