పాత 407 క్యాంపర్ ఒక పక్కకు వాలుతోందా, ముందు కాటా ఎక్కించండి

అన్నా, పాత టాటా 407 చిన్న లారీ మీద కట్టిన క్యాంపర్ (లోపలే ఉండేలా ఇల్లులా కట్టిన బండి) కొన్నారు, 60 దాటితే స్టీరింగ్ ఊగుతోంది, ముందు ఎడమ టైరు లోపలి అంచు అరిగింది, బండి ఎడమకు వాలింది, షాక్ అబ్జార్బర్లు మార్చాలా అని అడిగారు. ఇప్పుడే మార్చకండి. నేను మార్చి డబ్బులు పోగొట్టుకున్నాను.

మాది కావలి. నా బండీ 407నే, కొన్నప్పుడు అచ్చం మీ జబ్బే. ఇక్కడొకాయన షాకులు మార్చాడు, రెండుసార్లు అలైన్‌మెంట్ చేశాడు, హైవే ఎక్కితే మళ్ళీ అదే ఊపు. తర్వాత నెల్లూరు ఆటోనగర్‌లో లారీలు చూసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చక్రాల వైపు చూడలేదు, నేరుగా తలుపు తీసి లోపలికి తొంగిచూశాడు. "ఇల్లంతా ఒక పక్కే పెట్టుకున్నావు కదా సామీ" అన్నాడు. నిజమే, వంటగట్టు, ఫ్రిజ్, రెండు బ్యాటరీలు, సిలిండర్, 200 లీటర్ల నీళ్ళ ట్యాంకు, అన్నీ ఎడమ పక్కే. నీళ్ళే 200 కిలోలు! లారీ అయితే సరుకు దించాక ఖాళీగా తిరుగుతుంది, కమాన్ కట్టకు (బండి బరువు మోసే ఉక్కు పట్టీల కట్ట) కాస్త విశ్రాంతి దొరుకుతుంది. మన బండి ఇంటి ముందు ఆరు నెలలు కదలకపోయినా ఆ బరువు దాని మీదే కూర్చుని ఉంటుంది.

అందుకని ముందు ట్యాంకు నింపి, సామానంతా సర్ది, కాటాకు తీసుకెళ్ళండి. వడ్ల లారీలను తూచే కాటాలు మన వైపు ఎక్కడ చూసినా ఉంటాయి, చీమకుర్తి వైపైతే గ్రానైట్ లారీలవి ఉంటాయి. మొత్తం బండి ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే ఒకసారి, పక్కన నేల కాటాకు సమంగా ఉంటే ఎడమ చక్రాలు మాత్రమే ఇంకోసారి. నాకు ఎడమ పక్క 310 కిలోలు ఎక్కువ వచ్చింది. ట్యాంకును ఛాసిస్ మధ్యకు మార్చి, బ్యాటరీలు కుడి పక్కకు జరిపితే సగం వాలు అక్కడే పోయింది. ముందు యాక్సిల్ (ఇరుసు) బరువు చేతిలో ఉంటే టైర్ల కంపెనీ పట్టిక చూసి గాలి ఎంత పెట్టాలో కూడా తేలుతుంది, పంక్చర్ షాపులో అలవాటుగా కొట్టే గాలితో పని లేదు.

మిగిలిన వాలు కమాన్ కట్టది. పట్టీ విరిగిందా, పట్టీలను కలిపి పట్టే సెంటర్ బోల్ట్ తెగిందా, కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు వదులయ్యాయా, కట్ట చివర ఉండే షాకిల్ బుష్‌లు అరిగాయా చూడండి. వాలిన పక్కకు ఒక పట్టీ ఎక్కువ వేస్తే సరి అని చాలామంది చెబుతారు, ఒప్పుకోకండి, రెండు పక్కలా గట్టితనం వేరై బ్రేకు వేసినప్పుడు బండి లాగుతుంది. పాత పట్టీలు కొట్టించి వంపు తెప్పించినా, కొత్తవి వేయించినా రెండు పక్కలా చేయించాలి, తర్వాత కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్ళీ బిగించాలి.

ఇక ఊపు సంగతి. వెనక చక్రాలకు చెక్కలు పెట్టి, ముందు యాక్సిల్ కింద జాకీ వేసి చక్రం లేపండి. టైరు పైనా కిందా పట్టుకుని ఊపితే కదులుతోందా? అప్పుడు ఇంకొకర్ని బ్రేకు తొక్కి పట్టమనండి (మా ఆవిడకు ఇది బాగా అలవాటైపోయింది). బ్రేకు తొక్కగానే కదలిక పోతే వీల్ బేరింగ్, పోకపోతే కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరగడానికి యాక్సిల్ చివర ఉండే నిలువు పిన్ను) బుష్‌లు. కుడీ ఎడమా పట్టి ఊపితే కదిలిందంటే టై రాడ్ (రెండు ముందు చక్రాలనూ కలిపి తిప్పే కడ్డీ) ఎండ్లు కూడా చూడాలి. నాది కింగ్ పిన్నే. పిన్ అరిగితే బరువుకు చక్రం పైభాగం లోపలికి వాలి టైరు లోపలి అంచు తినేస్తుంది. ముందు వైపు ఒకే కడ్డీ యాక్సిల్ కదా, అలైన్‌మెంట్‌లో టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం) మాత్రమే మారుతుంది, చక్రం వాలు తీయడం ఆ మిషను వల్ల కాదు. నా రెండు అలైన్‌మెంట్ల డబ్బు అలా పోయింది. కింగ్ పిన్‌కు గ్రీజు కొట్టేటప్పుడు చక్రం నేలను తాకకుండా లేపి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతూ కొట్టాలి, బరువు మీద ఉంటే గ్రీజు అవసరమైన చోటికి పోదు.

మైపాడు, కొత్తపట్నం బీచ్‌లకు వెళ్ళొస్తే అదే రోజు అడుగున మంచినీళ్ళతో కడగండి. ఒకసారి నేను బద్ధకించాను, మూడు నెలలకు షాకిల్ పిన్ తుప్పుతో బిగుసుకుపోయింది, గ్యాస్ కట్టర్‌తో కోసి తీయాల్సి వచ్చింది. ఇంకొకటి, ముప్పై కిలోమీటర్లు నడిపి ఆపినప్పుడల్లా చేతి వెనక భాగం హబ్‌ల (చక్రాల నడిమి భాగం) దగ్గర పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. ఒకటి రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే బేరింగ్ ఎక్కువ బిగించారో, బ్రేకు పట్టేస్తోందో అన్నమాట. భైరవకోన నుంచి వస్తూ నాకు అలాగే దొరికింది, లేకపోతే దారిలో చక్రం బిగుసుకుపోయేదే.

టైర్లు అరగలేదని మురిసిపోకండి. పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, 2317 అంటే 2017లో 23వ వారం. మన బండ్ల టైర్లకు అరుగుదల కంటే వయసే ఎక్కువ ప్రమాదం, రోహిణి కార్తెలో రోళ్ళే పగిలే చోట రబ్బరు ఎంతకాలం ఆగుతుంది? ఆరేడేళ్ళు దాటి, పక్కన పగుళ్ళు కనిపిస్తే తీసేయండి, స్టెప్నీ తేదీ కూడా చూడండి, దాన్ని ఎవరూ చూడరు. బండి నిలిపి ఉంచేటప్పుడు టైర్లకు గోనెపట్టాలు కప్పి, నెలకోసారి కాస్త ముందుకు జరపండి. చక్రం విప్పి వేశాక నట్లు ఎదురెదురుగా బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు మళ్ళీ చూడండి. స్పానర్‌కు పైపు తగిలించి ఎక్కి తొక్కే కుర్రాళ్ళను మాత్రం దగ్గరికి రానీయకండి, బోల్టు సాగిపోతుంది.

కాటా చీటీ వచ్చాక ఆ మూడు అంకెలూ, ఊపి చూసినప్పుడు ఏది కదిలిందో ఇక్కడ పెట్టండి, కింగ్ పిన్ కిట్ కొనాలా వద్దా అప్పుడు చెబుతాను.