ఏ సినిమా చూడాలి, ఎవరు చూడాలి?

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. పదో తరగతి వరకు బడి నుంచి రాగానే అన్ని విషయాలూ చెప్పేవాడు. ఇంటర్ ఎంపీసీలో చేరినప్పటి నుంచి తలుపు వేసుకుని గదిలోనే ఉంటున్నాడు. ఏమడిగినా "ఏం లేదు" అంటాడు. మావారు గట్టిగా మందలిస్తే రెండు రోజుల పాటు అన్నం దగ్గర కూడా నోరు విప్పడు. వాడికి బుద్ధి వచ్చేలాంటి మంచి సినిమాలో, సిరీస్‌లో ఉంటే చెప్పండి. ఆదివారం అందరం కూర్చుని చూస్తాం.
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: మంచివి ఉన్నాయి, చెబుతాను. అయితే వాటిని ముందుగా మీరూ మీవారూ ఇద్దరే, అబ్బాయి ఇంట్లో లేని సమయంలో చూడాలని నా మనవి. "నీకోసమే పెట్టాం, చూడు" అని పిల్లవాణ్ని టీవీ ముందు కూర్చోబెడితే, అది తనకు చెబుతున్న పాఠమని వాడికి పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ తర్వాత తెర మీద ఏం జరుగుతున్నా వాడి ధ్యాసంతా మీరు తన వైపు ఎప్పుడు చూస్తారా అన్న దాని మీదే ఉంటుంది. ఈ కథల్లో పిల్లల తప్పొప్పులను లెక్కపెట్టడం కన్నా, వాళ్ల తల్లిదండ్రులు ఎక్కడ నోరు జారారో, చెప్పవలసిన మాటను ఎక్కడ మింగేశారో గమనిస్తే మీకు ఎక్కువ ఉపయోగం.

తెలుగులో ఈ ప్రస్తావన రాగానే అందరూ ‘బొమ్మరిల్లు’ (2006) పేరు చెబుతారు. మంచి చిత్రమే. కానీ అందులోని కొడుకు ఎదిగిన యువకుడు కనుక, చివరికి తండ్రి ఎదుట నిలబడి మనసులో ఉన్నదంతా చెప్పుకోగలుగుతాడు. పదహారేళ్లవాడికి అంత మాట కూడదీసుకునే శక్తి ఉండదు, అందుకే తలుపు వేసుకుంటాడు. మీ ఇంటి పరిస్థితికి విక్రమాదిత్య మోత్వానే తీసిన హిందీ చిత్రం ‘ఉడాన్’ (2010) ఇంకా దగ్గరగా ఉంటుందని నేననుకుంటాను. సిమ్లాలోని హాస్టల్ బడి నుంచి పంపించివేయగా జంషెడ్‌పూర్‌లోని ఇంటికి తిరిగివచ్చిన రోహన్ అనే పదిహేడేళ్ల కుర్రవాడి కథ ఇది. అతనికి కవితలు రాయడం ఇష్టం. తండ్రి మాత్రం ఇంజనీరింగ్ చదవాలంటాడు, పొద్దున్నే పరుగు తీయిస్తాడు, తన ఫ్యాక్టరీలో పనికి పెడతాడు, తనను ‘సర్’ అని పిలవాలంటాడు. రోనిత్ రాయ్ పోషించిన ఆ తండ్రి తాగి చెయ్యి చేసుకునే మనిషి. మీవారికీ ఆయనకూ పోలిక లేదని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. నేను చూడమంటున్నది వేరే సన్నివేశం. ఇంట్లో పెదవి విప్పని ఆ కుర్రవాడే, తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నప్పుడు వార్డులో కూర్చుని కథలు చెబుతాడు, చుట్టూ ఉన్న రోగులూ సిబ్బందీ చెవులప్పగించి వింటారు. వాళ్లలో ఎవరూ అతని మార్కులు అడగరు, మధ్యలో అడ్డు తగిలి తప్పు దిద్దరు. మీ అబ్బాయి కూడా ఎక్కడో ఎవరితోనో ఇలాగే మాట్లాడుతూ ఉండి ఉంటాడు. ఆ స్నేహితుడు ఇంటికి వచ్చినప్పుడు ఒక్క ప్రశ్నా వేయకుండా ఇద్దరికీ టిఫిన్ పెట్టి చూడండి.

ఎంపీసీ అన్నారు కాబట్టి నితేశ్ తివారీ చిత్రం ‘ఛిఛోరే’ (2019) సంగతి కూడా చెప్పాలి. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో సీటు రాని కొడుకు ప్రాణం తీసుకోబోతాడు. సీటు వచ్చాక పండుగ ఎలా చేసుకోవాలో ముందే చెప్పిన తండ్రి, రాకపోతే ఏం చేద్దామో ఒక్కసారైనా చెప్పలేదని ఆసుపత్రిలో గ్రహిస్తాడు. జేఈఈకి, ఎప్‌సెట్‌కు పిల్లల్ని సిద్ధం చేస్తున్న ప్రతి ఇంట్లోనూ ఆ రెండో మాట పరీక్షకు ముందే, ఫలితాల రోజు దాకా ఆగకుండా చెప్పి ఉంచాలి. చిత్రంలో ఆత్మహత్యాయత్నం ఉంది కనుక, పిల్లవాడు దిగులుగా ఉన్న రోజుల్లో దీన్ని వాడితో కలిసి చూడవద్దు.

అందరూ కలిసి చూడటానికి 2024లో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘నైంటీస్ – ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ బాగుంటుంది. శివాజీ పోషించిన లెక్కల మాస్టారు ఇంట్లో పొదుపుకూ మార్కులకూ ఇచ్చే విలువ, ఆయనంటే పిల్లలకున్న భయం హాయిగా చూపించారు. పదహారేళ్ల పిల్లలున్న మీ తరం వాళ్లలో చాలామందికి తొంభైల్లోనే బాల్యమో కౌమారమో గడిచింది. అందువల్ల అది చూస్తున్నంతసేపూ మీరు మాస్టారి పక్షాన కాక పిల్లల పక్షాన ఉంటారు. తమ నాన్నగారి దగ్గర దాచిన ప్రోగ్రెస్ కార్డు గురించో, చెప్పకుండా చూసిన సినిమా గురించో అప్పుడు మీవారు నోరు విప్పితే, అబ్బాయికి అంతకన్నా మంచి ఆదివారం ఉండదు.

ఒక్క జాగ్రత్త. తిండి, నిద్ర బాగా తగ్గినా, స్నేహితులను కూడా దూరం పెట్టినా, "నేను లేకపోతే బాగుండు" వంటి మాట వినిపించినా సినిమాలతో కాలయాపన చేయవద్దు. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, తల్లిదండ్రులు కూడా సలహా అడగవచ్చు.

ప్రశ్న: ‘అడాలసెన్స్’ సిరీస్‌ను పదమూడేళ్ల మా అమ్మాయితో కలిసి చూడవచ్చా?
– ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: ముందు మీరొక్కరే చూడండి. 2025లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఈ బ్రిటిష్ సిరీస్‌లో నాలుగే భాగాలు, ఒక్కొక్కటీ కట్ లేకుండా ఒకే షాట్‌లో తీసినవి. తోటి విద్యార్థినిని చంపాడన్న ఆరోపణపై పదమూడేళ్ల జేమీని పోలీసులు ఇంటికి వచ్చి తీసుకుపోతారు. రెండో భాగంలో దర్యాప్తు అధికారికి ఆయన కొడుకే వచ్చి, పిల్లలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకునే ఎమోజీల అర్థం విడమరిచి చెప్పవలసి వస్తుంది. అప్పటిదాకా ఆ పెద్దాయన వాటిని స్నేహపూర్వకమైన బొమ్మలనే అనుకున్నాడు. గదిలోనే ఉన్నాడు కదా, క్షేమంగానే ఉన్నాడనుకున్నామని చివరి భాగంలో తల్లిదండ్రులు కుమిలిపోతారు. పదమూడేళ్ల పిల్లకు ఈ బరువు ఎక్కువ. ఆమెతో కలిసి పిక్సార్ వారి యానిమేషన్ చిత్రం ‘ఇన్‌సైడ్ అవుట్ 2’ (2024) చూడండి. అందులోని రైలీకీ అదే వయసు, ఆమె బుర్రలోకి ఆందోళన, అసూయ, సిగ్గు, విసుగు కొత్తగా వచ్చి చేరతాయి. చూశాక ఆమెను ప్రశ్నించకుండా, ఆ నాలుగింటిలో ఈ వారం మీ బుర్రలో ఏది ఎక్కువగా తిరిగిందో మీరే ముందు చెప్పండి.