సైకిలుకు ముందు దీపం కొనబోయే మేనకోడలికి

బరంపురం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

పాతపట్నం నుంచి పర్లాకిమిడికి సైకిలు మీదే ఉద్యోగానికి వెళ్తున్నావనీ, సాయంత్రం ల్యాబు మూసి బయలుదేరేసరికి చీకటి పడిపోతోందనీ, ఆదివారాలు తెల్లవారకముందే రోడ్డు సైకిలు తీసి కాశీనగర్ వైపో ఉదయగిరి ఘాటు వైపో పోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. రైల్వే సిగ్నల్ శాఖలో ఉన్నంతకాలం నా పని దీపాలతోనే, నా రాకపోకలు సైకిలు మీదే. అందుకని ముందు దీపం ఏది కొనాలన్న నీ ప్రశ్నకు కాస్త వివరంగానే జవాబు రాస్తున్నాను.

నువ్వు ఫోనులో పంపిన బొమ్మలు చూశాను. అన్ని పెట్టెల మీదా పెద్ద అక్షరాలతో ఉన్నది ల్యూమెన్ల సంఖ్యే. ల్యూమెన్లంటే దీపం నుంచి వెలువడే మొత్తం వెలుగు. అందులో రోడ్డు మీద ఎంత పడుతుందో, చెట్ల కొమ్మల మీదికీ ఎదుటివాళ్ల కళ్లలోకీ ఎంత పోతుందో ఆ సంఖ్య చెప్పదు. పాతకాలపు సెమాఫోర్ సిగ్నల్‌లో, అంటే రైళ్లకు రెక్క ఎత్తి దించి దారి చూపే స్తంభంలో, వెలిగేది చిన్న కిరసనాయిలు వత్తి. దాని ముందున్న కటకం వెలుగునంతా కూడగట్టి పట్టాల వెంట ఒకే దిక్కుకు పంపేది కనుక, ఆ కాస్త వత్తే ఇంజను డ్రైవరుకు చాలా దూరం నుంచి కనిపించేది. సైకిలు దీపానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. కాబట్టి వెలుగు ఎంత అని అడిగే ముందు అది ఎక్కడ పడుతోందని అడుగు.

ఒక చోట పడే వెలుగును లక్స్‌లో కొలుస్తారు. బుష్ అండ్ ముల్లర్ వంటి జర్మన్ కంపెనీలు తమ దీపాలకు 10 మీటర్ల దూరాన కొలిచిన లక్స్ విలువను రాస్తాయి. అక్కడి రోడ్డు నిబంధనల ప్రకారం ఆ దూరాన కనీసం 10 లక్స్ ఉండాలి, పైకి పోయే వెలుగును దీపంలోనే కత్తిరించాలి. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందని నువ్వు బడిలో చదువుకున్నదే: 10 మీటర్ల దగ్గర 40 లక్స్ ఇచ్చే దీపం 20 మీటర్ల దగ్గర 10 లక్స్ మాత్రమే ఇస్తుంది.

ఈ 20 మీటర్ల లెక్క ఊరికే చెప్పడం లేదు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో సైకిలు సెకనుకు 8 మీటర్లకు పైగా ముందుకు పోతుంది. అడ్డం ఏదో ఉందని గ్రహించి బ్రేకు నొక్కేలోపే ఒక సెకనో సెకనున్నరో గడిచిపోతుంది. ఆ తరువాత పొడి రోడ్డు మీద పూర్తిగా ఆగడానికి మరో ఎనిమిది, తొమ్మిది మీటర్లు పడుతుంది. అంటే మొత్తం దాదాపు 20 మీటర్లు, వాన పడితే ఇంకా ఎక్కువ. గంటకు 20 కిలోమీటర్లతో ఇంటికి వచ్చేటప్పుడు ఇదే దూరం 12 మీటర్లకు తగ్గుతుంది. కాబట్టి పనికి వెళ్లొచ్చేందుకు పైభాగం కత్తిరించిన, 40 లక్స్‌కు తగ్గని దీపం చాలు. ల్యూమెన్లే రాసి ఉంటే మూడు నాలుగు వందలున్నది చూడు. ఘాటు దిగేటప్పుడు మాత్రం 70, 80 లక్స్ ఉంటేనే నాకు నిశ్చింత.

పైభాగం కత్తిరించిన వెలుగు కావాలని ఎందుకంటున్నానో నీకు రోజూ అనుభవమే. ఎదురుగా వచ్చే మోటారు సైకిలువాడు డిప్ చేయకపోతే రోడ్డు అంచు, దాని పక్కన మట్టి, ఆ మట్టిలో నడిచే మనిషి, అంతా ఒక్కసారిగా మాయమైపోతారు. గుండ్రటి టార్చి వెలుగును నువ్వూ వాడి ముఖం మీదికి కొడితే వాడి స్థితీ అదే, వాడు వస్తున్నది నీ మీదికే. అయితే ఇలాంటి దీపానికి ఒక లోటు లేకపోలేదు. వేలాడే కొమ్మలూ, ఎత్తున ఉన్న బోర్డులూ దానికి కనిపించవు, ఘాటు మలుపు లోపలి వైపు చీకటిగానే మిగిలిపోతుంది. అందుకోసం హెల్మెట్ మీద ఒక చిన్న దీపం పెట్టుకోవచ్చు, ఎదురుగా మనిషి కనిపించగానే దాన్ని ఆర్పేయాలి. హెల్మెట్ దీపం ఒక్కదానితోనే సరిపెట్టుకోవద్దు, కారణం కింద రాస్తాను.

బ్యాటరీ దగ్గరే మోసాలు ఎక్కువ. చాలా దీపాల్లో ఉండేది 18650 అనే లిథియం సెల్. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు కనుక ఆ పేరు. అందులో మంచి సెల్ 2,500 నుంచి 3,500 మిల్లీ ఆంపియర్ అవర్లు నిల్వ చేస్తుంది. దాన్ని 3.6 వోల్టులతో గుణిస్తే 9 నుంచి 12.6 వాట్ అవర్లు వస్తాయి. వేడిగా పోయేది పోగా ఒక వాట్‌కు సుమారు 100 ల్యూమెన్లు వస్తాయనుకుంటే, ఒక్క సెల్ ఉన్న దీపం 1,000 ల్యూమెన్లతో గంటసేపు, 400 ల్యూమెన్లతో రెండున్నర గంటలకు అటూ ఇటూగా వెలుగుతుంది. అరచేతిలో ఇమిడే దీపం మీద 5,000 ల్యూమెన్లు, ఐదు గంటలు అని రాసి ఉంటే ఈ లెక్క ఒకసారి వేసుకుని పక్కన పెట్టేయి. సెల్ మీద 9,900 అని ముద్రించి ఉంటే లెక్క వేయవలసిన పని కూడా లేదు.

నిజాయితీగా రాసిన పెట్టెలోనూ ఒక మెలిక ఉంటుంది. ఎఫ్ఎల్1 అనే అమెరికన్ ప్రమాణం ప్రకారం, వెలిగించిన 30 సెకన్లకు ఉన్న వెలుగు పదో వంతుకు తగ్గేదాకా గడిచిన సమయమంతా వెలిగే కాలం కిందికే వస్తుంది. మొదటి అరగంటలోనే సగానికి పడిపోయి, ఆపైన మినుకుమినుకుమంటూ గడిపిన దీపానికీ నాలుగు గంటలు అని రాసుకోవచ్చన్నమాట. అందువల్ల దుకాణంలో గంటలు ఎన్ని అని అడగకుండా, వెలుగు ఎంతసేపు నిలకడగా ఉంటుందని అడుగు. జవాబు రాకపోతే, నీకు కావలసిన సమయానికి రెట్టింపు రాసి ఉన్న దీపాన్ని కొని, వెలుగును పెంచే తగ్గించే మెట్లలో మధ్య మెట్టు మీద వాడుకో.

ఇక బిగింపు. దీపాన్ని ఎంత కిందికి బిగిస్తే రోడ్డు అంత బాగా కనిపిస్తుంది. పంట కోతల రోజుల్లో మన వైపు రైతులు తారు రోడ్డు మీదే ధాన్యం ఆరబోసి, బండ్లు తొక్కకుండా చుట్టూ పిడికెడంత రాళ్లు పేర్చుకుంటారు. సాయంత్రం ధాన్యం ఎత్తేస్తారు గాని రాళ్లన్నీ ఎత్తరు. కన్ను ఉన్న ఎత్తునుంచే వెలుగు పడితే రాయి వెనుక నీడ నీకు కనిపించదు, రాయి రోడ్డు రంగులో కలిసిపోతుంది. హెల్మెట్ దీపం ఒక్కటే చాలదన్నది ఇందుకే. వెలుగు హ్యాండిల్ కిందనుంచి గాని, ముందు చక్రం మీదున్న ఫోర్కు తల దగ్గరనుంచి గాని వస్తే ప్రతి రాయి వెనుకా పొడుగాటి నల్లని నీడ పడుతుంది, సున్నం గీతలు చెరిగిపోయిన స్పీడ్ బ్రేకర్ కూడా అంత దూరంనుంచే తెలిసిపోతుంది. పుష్యమాసంలో మహేంద్రతనయ ఒడ్డున కమ్మే పొగమంచులోనూ కింద బిగించిన దీపమే మేలు. పైనుంచి కొట్టిన వెలుగు మంచు మీద పడి తిరిగి నీ కళ్లలోకే వస్తుంది.

నీకు రెండు సైకిళ్లున్నాయి గనుక దీపం ఒకటి, క్లాంపులు రెండు కొనుక్కో. రోడ్డు సైకిలు హ్యాండిల్ మధ్యలో లావు సాధారణంగా 31.8 మిల్లీమీటర్లు, మామూలు సైకిలుకు 25.4. రబ్బరు పట్టీ రెండింటికీ సరిపోతుంది గాని, గతుకుల్లో దీపం తల వాల్చేస్తుంది. బిగించాక వెలుగు దిశ సరిచూసుకో: దీపం నేలకు ఒక మీటరు ఎత్తున ఉంటే, గోడకు 5 మీటర్ల దూరంలో సైకిలు నిలబెట్టినప్పుడు అన్నిటికన్నా ప్రకాశవంతమైన చోటు గోడ మీద 75 సెంటీమీటర్ల ఎత్తున పడాలి. అప్పుడు ఆ వెలుగు రోడ్డును 20 మీటర్ల దగ్గర తాకుతుంది. ఈ పని సాయంత్రం ప్రహరీ గోడ దగ్గర పది నిమిషాల్లో అయిపోతుంది.

వాన సంగతికొస్తే, పెట్టె మీద ఐపీఎక్స్4 అని ఉంటే తుంపరలకు తట్టుకుంటుందని, ఐపీఎక్స్6 అని ఉంటే జోరుగా కొట్టే నీటి ధారకు తట్టుకుంటుందని అర్థం. మన తుపాను వానలకు రెండోదే తీసుకో. చార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత వదులైతే ఏ అంకె ఉన్నా ప్రయోజనం లేదు. డైనమో గురించి అడిగావు. టైరుకు రాసుకునే పాత సీసా డైనమో వానలో జారుతుంది, కాళ్లకు బరువు. చక్రం ఇరుసులోనే ఉండే హబ్ డైనమో చక్కని వస్తువు, చార్జింగ్ గొడవ ఉండదు, 6 వోల్టులు, 3 వాట్‌లతో ఇప్పటి ఎల్ఈడీలు బ్రహ్మాండంగా వెలుగుతాయి. కానీ దానికోసం చక్రాన్ని పుల్లలతో సహా మళ్లీ అల్లించాలి, నీ దూరానికి అంత అవసరం లేదనే నా అభిప్రాయం.

మిణుకు మిణుకుమనే మెట్టును పగలూ, సంధ్యవేళా వాడు. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో తయారయ్యే మోటారు సైకిళ్లకు ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది గనుక, వాటి నడుమ నీ చిన్న దీపం కనబడాలంటే మిణుకు ఉపయోగపడుతుంది. పూర్తిగా చీకటి పడ్డాక మాత్రం నిలకడ వెలుగే ఉంచు; మిణుకుమనే దీపం ఎంత దూరంలో ఉందో ఎదుటివాడు అంచనా కట్టలేడు, నీకూ రోడ్డు ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది.

పగలంతా దీపాన్ని ఎండలో సైకిలు మీదే వదిలేయకు, లిథియం సెల్‌కు వేడే పెద్ద శత్రువు. ల్యాబులోకి వెళ్లేటప్పుడు విప్పి సంచిలో వేసుకుంటే దొంగల బెడదా ఉండదు. నువ్వు పంపిన వాటిలో హ్యాండిల్ కింద బిగించే వీలున్నదీ, సెల్ మార్చుకోగలిగినదీ ఆ నల్లదొక్కటే. దాని వెలుగు పైభాగం కత్తిరించి ఉందో లేదో దుకాణంలో గోడ మీద వేసి చూడు, ఉంటే కొనేయి. వెనుక ఎర్ర దీపం సంగతి మరో ఉత్తరంలో రాస్తాను, ఈలోగా మడ్‌గార్డు మీది రిఫ్లెక్టర్‌కు పట్టిన బురద తుడుచుకో.

ఇట్లు,
మీ మావయ్య