సంతకం పెట్టకముందే లాయరు

పాఠకుల న్యాయ సందేహాలకు ఒంగోలు నుంచి ఒక మహిళా న్యాయవాది జవాబులు

ప్రశ్న: మాది చీమకుర్తి. గ్రానైట్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకి భోజనం క్యారేజీలు ఇస్తుంటాను. ఒడిశా నుంచి వచ్చిన ఒక అబ్బాయి పాలిషింగ్ యూనిట్‌లో ఉన్నాడు. తోటి పనివాడి ఫోను పోయిందని మొన్న రాత్రి వాణ్ణి పోలీసులు తీసుకెళ్లారు. వాడికి పదిహేడు కూడా నిండలేదని మాకందరికీ తెలుసు. ఆధార్‌లో మాత్రం పంతొమ్మిది ఉందట. సూపర్‌వైజర్ని అడిగితే "మనకెందుకమ్మా" అన్నాడు. వాడికి తెలుగు రాదు. నేను వాడికి ఏమీ కాను. నేను వెళ్లి అడగొచ్చా? లాయరు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?
– ఒక సోదరి, చీమకుర్తి

జవాబు: వెళ్లొచ్చమ్మా. పత్రిక వచ్చేదాకా ఆగే సంగతి కాదు కాబట్టి ఉత్తరం అందిన రోజే మీకు ఫోన్ చేసి చెప్పాను. ఇక్కడ రాస్తున్నది మీలాగే ఇంకెవరికైనా అవసరపడుతుందని.

ముందు ఖర్చు మాట. ఒక్క రూపాయి కూడా అక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలి. మన రాష్ట్రం పిల్లవాడా, ఒడిశా పిల్లవాడా అన్న తేడా అందులో లేదు. ఒకవేళ వాడికి నిజంగానే పంతొమ్మిది అనుకున్నా, కస్టడీలో ఉన్నవాళ్లకీ అదే సెక్షన్ వర్తిస్తుంది. ఒంగోలు జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లి తెల్ల కాగితం మీద నాలుగు ముక్కలు రాసిచ్చినా సరిపోతుంది. అంతదూరం రాలేకపోతే 15100కి ఫోన్ చేయండి. పిల్లల సహాయానికి 1098 ఉంది. బంధువే రావాలని ఎవరైనా అంటే నమ్మకండి.

నేను న్యాయ సేవాధికార సంస్థ తరఫున ఉచితంగా వాదించే ప్యానెల్ లాయరుగా చేరిన కొత్తలో ఇలాంటి కుర్రాడి కేసే నాకు వచ్చింది. బలంగీర్ జిల్లావాడు. జైలు ములాఖత్ గదిలో నా ఎదురుగా నిలబడ్డాడు. గోళ్ల సందుల్లో రాతి పొడి ఇంకా తెల్లగా ఉంది. "అన్నం తిన్నావా?" అని వచ్చీరాని హిందీలో అడిగాను. తలూపాడు. "కొట్టారా?" తలూపాడు. "దొంగతనం చేశావా?" దానికీ తలూపాడు. నాకు గుండె ఝల్లుమంది. వాడు నా మాటలకి జవాబు చెప్పడం లేదు. పెద్దవాళ్లు ఏదో అడుగుతున్నారు, ఔనంటే వదిలేస్తారని తలూపుతున్నాడు, అంతే. స్టేషన్లో తెలుగులో రాసిన కాగితం మీద సంతకం పెట్టిందీ అలాగే. ఆ సంతకం ఒడియాలో ఉంది, పైనున్న మాట ఒక్కటీ వాడికి తెలియదు.

ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది. తేదీ తెలియనప్పుడు చాలామందికి అలాగే పడుతుంది. దాన్ని చూసే వాణ్ణి పెద్దవాడి కింద లెక్కగట్టారు. వాళ్ల ఊరి బడి హెడ్మాస్టరు నంబరు పట్టుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆయన అడ్మిషన్ రిజిస్టరు పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. అంకెలు ఒడియాలో ఉంటే, రైల్వే స్టేషన్ దగ్గర టిఫిన్ బండిలో పనిచేసే ఒడిశా అతను చదివి పెట్టాడు. అసలు సర్టిఫికెట్ స్పీడ్ పోస్టులో వచ్చి, కోర్టు చూసి, కేసు పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకి మారేసరికి వాడు పెద్దవాళ్ల జైల్లో పంతొమ్మిది రోజులున్నాడు. ఆ పంతొమ్మిది రోజులు ఇప్పటికీ నన్ను బాధపెడుతూనే ఉన్నాయి.

అందుకే మొదట వయసు పట్టుకోండి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ఒక వరస పెట్టింది. మొదట బడి సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే పంచాయతీ, మునిసిపాలిటీ ఇచ్చే జనన ధ్రువపత్రం. అదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆ వరసలో ఆధార్ లేదు. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని సుప్రీంకోర్టు కూడా 2024లో చెప్పింది. వాడి ఫోనులో తల్లిదండ్రుల నంబరు ఉంటుంది, వాళ్ల చేత బడి కాగితం ఫొటో తెప్పించండి. వయసు మాట కేసు ఏ దశలో ఉన్నా ఎత్తొచ్చు, శిక్ష పడిపోయాక కూడా.

పిల్లవాడని తేలితే అన్నీ మారిపోతాయి. లాకప్‌లో పెట్టకూడదు. బేడీలు వేయకూడదు. 24 గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాలి. 2016 నాటి నిబంధనల ప్రకారం పోలీసులు పిల్లవాడి చేత ఏ వాంగ్మూలం మీదా సంతకం అడగకూడదు, ఉచిత లాయరు కోసం న్యాయ సేవాధికార సంస్థకి వాళ్లే కబురు పెట్టాలి. భాష అర్థం కాకపోతే దుభాషిని పెట్టడం బోర్డు బాధ్యత. మీ లాయరు మొదటి రోజే అడగాల్సింది ఈ దుభాషినే, బెయిల్ ఆ తర్వాత.

బెయిల్ దగ్గర వలస పిల్లలకి ఒక చిక్కు వస్తుంది. జామీను ఇచ్చే మనిషి ఇక్కడ లేడని కేసు నడిచేటప్పుడు పిల్లల్ని ఉంచే పరిశీలన గృహంలోనే నెలల తరబడి ఉండిపోతారు. అలా ఉండాల్సిన పని లేదు. జువెనైల్ జస్టిస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం జామీను లేకుండా కూడా వదలొచ్చు, లేదా ప్రొబేషన్ ఆఫీసరు పర్యవేక్షణలోనో, తగిన వ్యక్తి అని బోర్డు నమ్మినవాళ్ల దగ్గరో ఉంచొచ్చు. రోజూ వాడికి అన్నం పెట్టిన మీరు బోర్డు ముందుకొచ్చి "ఈ అబ్బాయి నాకు తెలుసు" అంటే ఆ మాటకి విలువ ఉంటుంది. వెళ్లండమ్మా.

ప్రశ్న: మా అబ్బాయికి 23 ఏళ్లు. అమెరికాలో ఎమ్మెస్ చదువుతూ ఓ స్టోర్‌లో పనిచేశాడు. ఇప్పుడు ఇమ్మిగ్రేషన్ కోర్టుకి రమ్మని నోటీసు వచ్చింది. లాయర్లు చెబుతున్న ఫీజు వింటే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు, ఉన్న ఎకరంన్నర ఇప్పటికే లోనుకి పెట్టాను. అక్కడ కూడా ప్రభుత్వం లాయర్ని ఇవ్వదా? కన్సల్టెన్సీ అతను "కోర్టుకి వెళ్లకపోతే కేసు అదే పోతుంది" అంటున్నాడు.
– ఒక తండ్రి, కావలి

జవాబు: అన్నా, మొదట ఆ కన్సల్టెన్సీ మాట వదిలేయండి. నోటీసు సరిగా అంది కూడా వాయిదాకి వెళ్లకపోతే, మనిషి లేకుండానే దేశం నుంచి పంపేయమని ఉత్తర్వు ఇచ్చేస్తారు. ఆ తర్వాత పదేళ్లపాటు చాలా దారులు మూసుకుపోతాయి. గది మారితే 5 రోజుల్లో కొత్త అడ్రసు కోర్టుకి తెలపాలి. మన పిల్లలు నలుగురైదుగురు కలిసి ఉంటూ తరచూ ఇళ్లు మారుతుంటారు, వాయిదా కాగితం పాత ఇంటికి పోతుంది. చాలామంది దెబ్బతినేది అక్కడే.

లాయరు సంగతి చెప్పడానికి నాకే మనసొప్పడం లేదు. ఇవ్వదు. అమెరికాలో క్రిమినల్ కేసు అయితే డబ్బు లేనివాడికి ప్రభుత్వం లాయర్ని పెట్టాలని 1963లోనే అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. దేశం నుంచి పంపేయడాన్ని మాత్రం అక్కడ సివిల్ వ్యవహారం కిందే లెక్కిస్తారు. లాయర్ని పెట్టుకునే హక్కు ఉంది, కానీ ఆ ఖర్చు ప్రభుత్వం భరించదని ఇమ్మిగ్రేషన్ చట్టంలోనే రాసి ఉంది. మీ అబ్బాయి సరే, అమ్మానాన్న లేకుండా సరిహద్దు దాటి వచ్చిన ఐదేళ్ల పిల్లకి కూడా ఇదే నియమం. స్వచ్ఛంద సంస్థల లాయరు దొరికితే దొరికినట్టు, లేకపోతే ఆ పిల్ల ఒక్కతే జడ్జి ముందు నిలబడాలి, అవతల ప్రభుత్వం తరఫున లాయరుంటాడు. ఇది అన్యాయమనే నేను గట్టిగా నమ్ముతాను.

2019 జనవరి చివర్లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. అది అమెరికా ప్రభుత్వమే పెట్టిన దొంగ కాలేజీ. మన దేశపు విద్యార్థులు 129 మందిని పట్టుకున్నారు, ఎక్కువమంది తెలుగువాళ్లే. వాళ్లని చేర్పించిన 8 మంది మీద క్రిమినల్ కేసు పెట్టారు కాబట్టి, స్తోమత లేకపోతే ప్రభుత్వ లాయర్ని అడిగే హక్కు వాళ్లకి ఉంది. ఫీజు కట్టి చేరిన పిల్లలకి మాత్రం లేదు. అప్పుడు తెలుగు సంఘాలే ముందుకొచ్చి లాయర్లతో మాట్లాడించాయి. మన రాయబార కార్యాలయం 24 గంటల ఫోన్ లైను పెట్టింది.

మీ అబ్బాయికి చెప్పండి: నోటీసుతోపాటు ఉచితంగా లేదా తక్కువ ఫీజుకి వాదించే సంస్థల జాబితా ఇవ్వాలి, దాన్ని వెతకమనండి. అందులో ప్రతి నంబరుకీ ఫోన్ చేయమనండి. లా కాలేజీల్లో ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులు వాదించే క్లినిక్‌లు కూడా ఉంటాయి. మొదటి వాయిదాకి లాయరు దొరక్కపోయినా వెళ్లాల్సిందే. వెళ్లి, లాయర్ని పెట్టుకోవడానికి గడువు కావాలని జడ్జిని అడగాలి. లాయరు చూసేదాకా స్వచ్ఛందంగా వెళ్లిపోతానన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. పట్టుకెళ్తే భారత కాన్సులేట్‌కి తెలియజేయమని అడిగే హక్కు ఉంది. డబ్బు కట్టేముందు ఆ లాయరు పేరు ఆ రాష్ట్ర బార్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడాలి. ఇక్కడి కన్సల్టెన్సీవాళ్లు అక్కడి కోర్టులో నోరు విప్పలేరు. వాళ్లకి ఇంకో రూపాయి కట్టకండి.

ప్రశ్న: మా మనవరాలు నాలుగేళ్లప్పుడు అమెరికా వెళ్లింది. అల్లుడిది హెచ్-1 ఉద్యోగ వీసా. గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు. పిల్లకి వచ్చే ఏడు 21 నిండుతాయి. వెనక్కి పంపేస్తారా?
– ఒక అమ్మమ్మ, నెల్లూరు

జవాబు: అమ్మా, 21 నిండితే తండ్రి మీద ఆధారపడిన హెచ్-4 వీసా పోతుంది. చిన్నప్పుడే అమెరికా వచ్చినవాళ్లని వెనక్కి పంపకుండా ఆపడానికి 2012లో తెచ్చిన డాకా అనే ఏర్పాటు మన పిల్లలకి పనికిరాదు. ఆ ఏడాది జూన్ 15 నాటికి చట్టబద్ధమైన హోదా లేనివాళ్లకే అది వర్తిస్తుంది, మీ మనవరాలు వీసా మీదే ఉంది కదా. అయితే 2002 నాటి చట్టం ఒకటి పిల్ల వయసులోంచి, గ్రీన్‌కార్డు కోసం అల్లుడి తరఫున కంపెనీ వేసే ఐ-140 అర్జీ ఆఫీసులో ఆగిన రోజుల్ని తీసేయనిస్తుంది. గ్రీన్‌కార్డుకి వంతు వచ్చిందని చూసే పట్టిక మాత్రం 2025 ఆగస్టు 15 నుంచి కఠినమైంది. అందుకని ఆ లెక్క మీదే భారం వేయకుండా, పుట్టినరోజుకి చాలా ముందే స్టూడెంట్ హోదాకి మార్చుకునే అర్జీ పెట్టాలి. పిల్ల పుట్టిన తేదీ, ఐ-140 వేసిన తేదీ, ఆమోదమైన తేదీ, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకుని ఈ నెలలోనే అక్కడి ఇమ్మిగ్రేషన్ లాయర్ని కలవమని అల్లుడికి చెప్పండి.