మీరడిగారు: నడిచే రాళ్లు, గాజుపలకంత మంచు

ప్ర: అమెరికా ఎడారిలో రాళ్లు వాటంతట అవే నడుస్తాయంట. ఎనకాల గీతలు పడిన ఫొటో ఫోన్లో చూసినాం. నిజమా, గ్రాఫిక్సా?
– ఒక పాఠకుడు, ఆదోని

జ: ఫొటో నిజమే. ఆ చోటు కాలిఫోర్నియా డెత్ వ్యాలీలోని రేస్‌ట్రాక్ ప్లాయా. మన మాటల్లో ఎండిన చెరువు అడుగు. పొడవు నాలుగున్నర కిలోమీటర్లు, వెడల్పు రెండు. నేల నెర్రెలు విచ్చి ఉంటుంది కానీ ఎంత చదునంటే, ఉత్తరపు కొస దక్షిణం కన్నా నాలుగైదు సెంటీమీటర్లే ఎత్తు. గీతలు ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యం వైపే సాగుతాయి. అంటే ఉన్న ఆ కాస్త వాలుకూ ఎదురే. దొర్లాయనే వాదన అక్కడే పోయింది.

రాళ్లు దక్షిణపు గట్టు నుంచి విరిగిపడ్డవి, చాలావరకు డోలమైట్ అనే సున్నపురాయి రకం. మన వేంపల్లె చుట్టుపక్కల దొరికే జాతే. అయస్కాంతం అంటుకునే రాయి కాదు కాబట్టి అయస్కాంత శక్తి లాగుతుందనే కథనూ పక్కన పెట్టండి.

ఇక గాలి. 20 సెం.మీ. ఘనమంత డోలమైట్ రాయి బరువు సుమారు 23 కిలోలు. రాపిడి బరువులో సగం ఉంటుందనుకుంటే, దాన్ని నెట్టడానికి గంటకు దాదాపు 240 కి.మీ. గాలి కావాలి. నేల జారుడై రాపిడి సగానికి తగ్గినా 170 తప్పదు. 2014లో విశాఖను ఊపేసిన హుద్‌హుద్ లాంటి గాలి, అదీ నేలబారున, రాయి తగిలేంత కిందన వీయాలి. వట్టి గాలి పని కాదు.

1948లో మెకాలిస్టర్, ఆగ్న్యూ అనే భూగర్భ శాస్త్రవేత్తలు ఆ గీతల మీద రాశారు. 1970లలో షార్ప్, కేరీ అనే ఇద్దరు 30 రాళ్లకు గుర్తులు పెట్టి ఏడేళ్లు గమనించారు. మంచే రాళ్లను తోస్తోందా అన్నది తేల్చడానికి వాటి చుట్టూ ఇనుప ఊచలు పాతారు. పెద్ద మంచుగడ్డే తోస్తుంటే ఊచలకు అడ్డుపడి ఆగాలి కదా! ఒక రాయి ఊచల మధ్య నుంచి బయటికి వచ్చేసింది. దాంతో మంచు కాదన్నారు. ప్రయోగం చక్కనిదే, ఊహలోనే పొరపాటు. వాళ్లు అనుకున్నది మందపాటి గడ్డ. అసలు తోసేది ఊచ తగిలితే పగిలిపోయే పలుచటి పలక.

2011 శీతాకాలంలో రిచర్డ్ నోరిస్, జేమ్స్ నోరిస్ బృందం 15 రాళ్లకు బెజ్జం చేసి, కదలగానే మేలుకునే జీపీఎస్ పరికరాలు అమర్చింది. ఆ చోటు జాతీయ పార్కు, అక్కడి రాళ్లను ముట్టుకోనివ్వలేదు కాబట్టి బయటి నుంచి తెచ్చిన సున్నపురాళ్లు పెట్టారు. 2013 డిసెంబరులో వాళ్లు అక్కడికి వెళ్లేసరికి ఏడు సెం.మీ. నీళ్లు నిలిచి ఉన్నాయి. రాత్రి పైన 3 నుంచి 6 మి.మీ. మంచు కట్టింది. కిటికీ అద్దమంత అన్నమాట. పొద్దెక్కాక అది పదుల మీటర్ల పలకలుగా విడిపోయింది. సెకనుకు నాలుగైదు మీటర్ల మామూలు గాలికే పలకలు తేలుతూ వచ్చి రాళ్లను నెట్టాయి. వేగం నిమిషానికి 2 నుంచి 5 మీటర్లు. డిసెంబరు 20 ఒక్కరోజే 60కి పైగా రాళ్లు కదిలాయి. ఆ శీతాకాలం ఒక రాయి మొత్తం 224 మీటర్లు ప్రయాణించింది. 2014 ఆగస్టులో ఫలితాలు అచ్చయ్యాయి.

ఇంతకాలం ఎవరూ చూడకపోవడం వింత కాదు. రాయి ఏళ్ల తరబడి కదలదు. కదిలే రోజున దారంతా బురద. దగ్గర్లో నిలబడ్డా, చుట్టూ ఉన్న రాళ్లన్నీ కలిసి మెల్లగా జరుగుతుంటే పోల్చుకోవడానికి కదలనిదేదీ ఉండదు. గీత బయటపడేది నీళ్లు ఇంకాకే.

ప్ర: ఎడారిలో మంచేంది? మా అనంతపురం చెరువుల్లో రాళ్లు ఎందుకు కదలవు?
– డిగ్రీ విద్యార్థిని, కళ్యాణదుర్గం

జ: డెత్ వ్యాలీలో 1913లో 56.7 డిగ్రీలు నమోదైన మాట నిజమే, కానీ అది లోయ అడుగున. ప్లాయా 1,100 మీటర్లకు పైన ఉంది. ఎత్తు ఒక్కటే చాలదు. అంతకన్నా ఎత్తైన మన హార్స్‌లీ కొండల మీద చెరువు గడ్డకట్టదు. ప్లాయా భూమధ్యరేఖకు 36 డిగ్రీలు పైన ఉండటంతో శీతాకాలపు రాత్రులు సున్నా దిగుతాయి. మీకు చదునైన ఒండ్రు ఉంది, గాలీ ఉంది. లేనిది మంచు.

ప్ర: పిల్లలకు బడిలో చేసి చూపించే వీలుందా?
– సైన్సు టీచరు, ఉరవకొండ

జ: ఉంది. 45×30 సెం.మీ. ట్రే తీసుకోండి, లోతు కనీసం 5 సెం.మీ. చెరువు ఒండ్రు జల్లెడ పట్టి, పెరుగులా కలిపి 1 సెం.మీ. మందాన పరచండి. లీటరుంపావు దాటి పడుతుంది. నీడలో ఆరనివ్వండి. వేలితో నొక్కితే గుంట పడాలి, మట్టి వేలికి అంటకూడదు. ఈ పదును కుదరకపోతే మిగతాదంతా వృథా: మెత్తగా ఉంటే రాయి దిగబడుతుంది, ఎండిపోతే గీత పడదు. ఇసుక కలపొద్దు.

20 ఎం.ఎం. కంకర రాళ్లు రెండు, అర జానెడు ఎడంగా పెట్టండి. ఫ్రిజ్ నీళ్లు ఒక సెం.మీ. ఎత్తు పోయండి. గిన్నెతో గుమ్మరిస్తే మట్టి లేస్తుంది, ట్రే అంచున గుడ్డ వేసి దాని మీదుగా వదలండి. రాయి తల నీటి పైకి కనిపించాలి. మునిగితే మంచు దాని మీదుగా జారిపోతుంది.

20 సెం.మీ. పళ్లెంలో ప్లాస్టిక్ కాగితం పరచి 160 మి.లీ. నీళ్లు పోస్తే అర సెం.మీ. మందం వస్తుంది. ఫ్రీజరులో పళ్లెం మట్టంగా ఉండాలి, లేకుంటే ఒక పక్క రేకులా పలచబడి చేతిలోనే విరుగుతుంది. గట్టిపడ్డాక కాగితంతో సహా ఎత్తి, ఒలిచి, నీటి మీద వదిలి, అంచు రాళ్లకు తాకించి పెన్సిలుతో నింపాదిగా తోయండి. తర్వాత సెలైన్ గొట్టంతో నీళ్లు లాగేస్తే జంట గీతలు కనిపిస్తాయి. ప్లాయాలో పక్కపక్క రాళ్ల గీతలు ఒకే వంపు తిరగడానికి కారణం ఇదే: ఒకే పలక రెంటినీ తోయడం.

టేబుల్ ఫ్యాన్ పెడితే పిల్లలు నిరాశపడతారు. గాలి పట్టు మంచు వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. 30 మీటర్ల పలక మీ పళ్లెంకన్నా అడ్డంగా 150 రెట్లు, వైశాల్యంలో 22 వేల రెట్లకు పైమాటే. పెన్సిలు ఆ లోటును పూడుస్తుంది.

ప్ర: కణేకల్లు దగ్గర ఇసుక దిబ్బలు పొలాల మీదికి వస్తున్నాయి. అదీ ఇలాంటిదేనా?
– రైతు, బొమ్మనహాళ్

జ: కాదు. అక్కడ వట్టి గాలే చాలు, ఎందుకంటే రేణువు అర మిల్లీమీటరు కూడా ఉండదు. వేదవతి ఇసుక పొడిగా ఉన్నప్పుడు నైరుతి గాలికి రేణువులు గెంతుతూ పోతాయి, పడిన ప్రతిదీ ఇంకొన్నిటిని లేపుతుంది. అందుకే గాలికి అడ్డంగా, నేలబారున గుబురుగా ఉండే మొక్కల వరుస పనికొస్తుంది. ఎత్తుగా పెరిగి అడుగున ఖాళీగా ఉండే చెట్లు ఇసుకను ఆపవు.

ప్ర: యాగంటి బసవన్న పెరుగుతున్నాడంటారు. కొలవొచ్చా?
– గృహిణి, బనగానపల్లె

జ: నమ్మకం సంగతి మీది, కొలత సంగతి మాది. మూడు మీటర్ల రాయి 30 డిగ్రీల వేడి తేడాకే ముప్పాతిక మిల్లీమీటరు దాకా సాగి, చల్లబడితే తగ్గుతుంది. అందుకని ఏటా ఒకే నెలలో, తెల్లవారుజామున, కదలని ఇత్తడి గుర్తు నుంచి కొలవాలి. టేపు సాగుతుంది, వాడొద్దు. నూనె, పసుపు పూతల మందం ముందుగా తీసేయాలి.