దరఖాస్తులో గ్రాంథికం ఎందుకు తల్లీ?

విజయనగరం

అమ్మా,

పైడిభీమవరం మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ట్రైనీ ఉద్యోగానికి నువ్వు రాసిన కవర్ లెటర్ రెండుసార్లు చదివాను. కథలు రాసే చెయ్యి నీది. ఆ చెయ్యి ఈ ఉత్తరంలో ఎక్కడా కనపడలేదు. "విత్ డ్యూ రెస్పెక్ట్ అండ్ హంబుల్ సబ్మిషన్" అని మొదలుపెట్టావు. బళ్లో సెలవుచీటీ కోసం నేర్పిన మాటలవి, ఇంగ్లీషులో గ్రాంథికం అనుకో. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే మాటే రాతలోకి రావాలని ఏళ్ల తరబడి పోరాడారు. ఆయన పుట్టిన సీమ నుంచి వెళ్లే ఉత్తరం, ఇంగ్లీషులో రాసినా సరే, మామూలు మాటల్లో ఉండాలని నా పట్టు.

ముందు ఆ ప్రకటనని ప్రింటు తీయించి, వాళ్లు అడిగినవాటి కింద పెన్సిలుతో గీతలు గియ్యి. నువ్వు పంపినదాంట్లో నాలుగున్నాయి: కెమిస్ట్రీ డిగ్రీ, హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలని విడదీసి కొలిచే యంత్రం) పరిచయం, రికార్డులు సరిగ్గా రాయడం, మూడు షిఫ్టులకీ రావడం. ఒక్కోదాని ఎదురుగా నువ్వు చేతులారా చేసిన పని ఒకటి రాయి. దొరక్కపోతే ఖాళీగా వదిలెయ్యి, విశేషణంతో నింపకు. "సిన్సియర్, హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్" అనే నీ మూడు మాటలూ అలాంటి ఖాళీల్లో పుట్టినవే. అందరి ఉత్తరాల్లోనూ అవే చదివే హెచ్‌ఆర్ మనిషి కంటికి అవి ఆనవు.

ఉత్తరానికి ప్రాణం రెండో పేరా. అక్కడ "హెచ్‌పీఎల్‌సీ తెలుసు" అని ఊరుకున్నావు. ఎన్ని నెలలు చేశావు, ఏ మందు మీద? ఆ యంత్రంలో పారే ద్రావణం, అదే మొబైల్ ఫేజ్, నువ్వే కలిపావా, పదార్థాలు విడిపోయే గొట్టం, అదే కాలమ్, నువ్వే కడిగావా, సీనియర్లు చేస్తుంటే పక్కన నిలబడి చూశావా? చూసినదైతే చూశాననే రాయి. లేనిది రాస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది. టైట్రేషన్‌లో, అంటే ద్రావణాన్ని బొట్టుబొట్టుగా కలిపి కొలిచే పరీక్షలో, రీడింగులు 0.1 మిల్లీలీటరు తేడాలోపు కలిసేదాకా మళ్లీ మళ్లీ చేసేదాన్నని ఒక్క వాక్యం ఉంటే, ఓపికస్తురాలినని వేరే చెప్పుకోనక్కర్లేదు. ఇంకోటి. మందుల కంపెనీ రికార్డులో తప్పు పడితే వైట్‌నర్ పూయకూడదు. పాత అంకె కనపడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వెయ్యాలి. ప్రాజెక్టు నోటుబుక్కు అలాగే రాశానని నాతో అన్నావు కదమ్మా, మరి ఉత్తరంలో ఆ ఊసే లేదేం? ల్యాబులో పని తెలిసినవాళ్లు పట్టుకునే వాక్యం అదే. మార్కులు, చదివిన కాలేజీ రెజ్యూమెలో ఉన్నాయి, ఇక్కడ మళ్లీ వద్దు.

మొదటి వాక్యంలో ఉద్యోగం పేరు, ప్రకటనలో ఉన్న కోడు, నీకున్న అన్నిటికంటే గట్టి ఆధారం, ఈ మూడూ రావాలి. పేరు తెలిస్తే పేరుతో పలకరించు, తెలీకపోతే "డియర్ హైరింగ్ మేనేజర్" చాలు. చివరి పేరాలో షిఫ్టుల సంగతి రాయి. చీపురుపల్లి నుంచి రాత్రి షిఫ్టుకి ఎలా వస్తుందన్న అనుమానం చదివేవాళ్లకి వస్తుంది. రణస్థలంలో గది తీసుకుంటానన్నావు కాబట్టి ఆ మాట, చేరగలిగే తేదీ రాసెయ్యి. డిగ్రీ తర్వాత ఖాళీగా ఉన్న ఏడాదికి కారణం ఒక్క వాక్యంలో నిజంగా చెప్పు. దానికి క్షమాపణలు అక్కర్లేదు.

నాన్నగారి అప్పుల గురించి రాసిన నాలుగు వరుసలూ తీసెయ్యి తల్లీ. అవి అబద్ధమని కాదు, చదువుతుంటే నాకూ మనసు కలుక్కుమంది. కానీ ఆ ఉత్తరం చదివేవాళ్లు తమ ల్యాబులో ఖాళీగా ఉన్న బల్ల దగ్గర ఎవరు నిలబడగలరా అని వెతుకుతుంటారు. నీ కష్టానికి జాలిపడ్డా, ఆ బల్ల నీకివ్వడానికి అది కారణం కాదు. కులం, పెళ్లి వివరాలు, ఆధార్ నంబరు కూడా వద్దు. వాళ్లు అడిగితే తప్ప జీతం మాట ఎత్తకు.

మొత్తం ఒక్క పేజీ, 250 నుంచి 350 పదాలు. అక్షరాల సైజు 11. పీడీఎఫ్ చేసి, ఫైలుకి నీ పేరు, ఉద్యోగం పేరు పెట్టు. పంపేముందు పైకి చదువు. ఊపిరి అందని చోట వాక్యం విరగ్గొట్టు. కిందటి దరఖాస్తులోని కంపెనీ పేరు ఎక్కడైనా మిగిలిపోయిందేమో ప్రత్యేకంగా వెతుకు. ఎంత బాగా రాసినా ఆ ఒక్క పొరపాటుతో పక్కన పెట్టేస్తారు. పది రోజులకీ జవాబు రాకపోతే రెండు వరుసల మెయిలు ఒక్కసారి పంపు.

తిరగరాసిన ప్రతి నాకు పంపేటప్పుడు, పెన్సిలు గీతలున్న ప్రకటన కాగితం కూడా ఫొటో తీసి పెట్టు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు